కచ్చేరి కాగితములు, పార్లమెంటు పుస్తకములు

గ్రామములలో అరువదియేండ్లు దాటిన పెద్దలకు కరణము, మునసబు అను ఉద్యోగములు ఎట్టివో నేను వివరింప నక్కరలేదు. తెలంగాణపు పెద్దలకు పటేలు, పట్వారీల సంగతియు అట్టిదే. ఆ యుద్యోగములు 1984లో రద్దయినవి. అవి పోవుట మీ కన్నుల యెదుట జరిగినది. కాని అవి ఎప్పుడు, ఏ శాసనముచేత, ఎవరి యాలోచనచేత నేటి రూపమునకు వచ్చినవని యడిగినచో మనలో పలువురము "తాతలనాటినుండి ఉన్నవి" అని ఊరకుందుము. పోలీసు ఠాణా విషయమును అంతియే. శిస్తు వసూలు చేయువాడొకడు, దొంగను పట్టువాడు వేరొకడు అను ఏర్పాటు సృష్ట్యాదినుండి ఉన్నట్లు మనకు తోచును. నిజమునకు చెన్నపట్టణపు రాజధానికి లోబడిన జిల్లాలలో, అనగా కోస్తా జిల్లాలయందును, దత్తమండలములయందును, 1816 మొదలు 1859 వరకు ఈ రెండు పనులును ఒక్క తహశ్శీలుదారు చేతిలోనే యుండెను. బాకీకై రైతును పట్టుకొనివచ్చిన బంట్రోతే పోలీసు బంట్రోతు. ఆ బంట్రోతు కొట్టెనని రైతు ఫిర్యాదు చేయదలచిన, ఫిర్యాదు వినవలసినవాడును ఆ తహశ్శీలుదారే.

ఈ సంగతి ఏ పురాణములోను లేదు. మన తాతలు కథగా చెప్పిపోయినదియు తక్కువ. ఇది తెలియవచ్చినది పాత కాగితములవలన. ఒక ప్రభుత్వశాఖయొక్క, ఒక కచ్చేరియొక్క, ఒక న్యాయస్థానముయొక్క చరిత్ర వ్రాయ దలచినవాడు ఆ కాగితములను ఎక్కడ వెదుకవలయునో, వెదకి యెట్లు చదువవలయునో, నేను కొన్నియేండ్లు ఆ పని చేసి తెలిసికొన్నంతవరకు నేడు మీతో ముచ్చటింతును.

మొదట ఈ కాగితములు ఎట్లు పుట్టినవో చూతము. గ్రామమున కరణము లెక్క వ్రాయును. ఆ లెక్క తాలూకా కచ్చేరికి పోవును. తహశ్శీలుదారు తాలూకాలోని గ్రామములన్నిటి లెక్కలు చేర్చి ఒక గోష్వారా తయారుచేసి జిల్లా హుజూరు కచ్చేరికి పంపును. కలెక్టరు దానిమీద జాబు వ్రాసి చెన్నపట్టణమందలి రివిన్యూబోర్డునకు పంపును. ఈ బోర్డు 1786లో ఏర్పడినది. బోర్డువారు తమ అభిప్రాయము చేర్చి గవర్నరునకు పంపుదురు. గవర్నరును ఆయన సభవారును లండనులోని కుంపిణీ డైరెక్టర్లకు నివేదింతురు. ఆ డైరెక్టర్ల మీద 1784 మొదలు ఒక తనిఖీసభ యుండెను; దాని అధ్యక్షుడు పార్లమెంటులో కూర్చుండి హిందూదేశ విషయమై జవాబు చెప్పుచుండెను. ఇంతటి నిచ్చెన ఇది. కళ్లములో కొలిచిన ధాన్యము బండికెక్కి, బస్తాలు మారి, గాదెకు చేరునప్పటికి త్రోవలో కొంత రాలునుగదా. అట్లే ఒక్కొక్క మెట్టుకడను సంగతి కొంత రాలిపోవును. ఊరిలో నలుగురు మనుష్యుల పేర్లతో నున్న సంగతి తాలూకాలో ఒక పంక్తియగును, జిల్లాలో ఒక అంకె యగును, లండనులో "రైతులు సుఖముగా నున్నారు" అను ఒక వాక్యమగును.

కుంపిణీవారిలో ఒక మంచి అలవాటుండెను. దూరదేశమునుండి వ్యాపారము నడుపు వర్తకులు గావున గుమాస్తాలను నమ్మక, ప్రతి సమాలోచనకును నకలు వ్రాయించి ఓడలమీద తెప్పించుకొనెడివారు. అందుచేత ఒకే కాగితము చెన్నపట్టణమునను లండనునను రెండుచోట్ల దొరకుట కలదు. చెన్నపట్టణపు ప్రతులు ఎగ్మూరులో 1909లో కట్టిన దఫ్తరఖానాలో నున్నవి. దానినే నేడు తమిళనాడు ఆర్కైవ్సు అనుచున్నారు. లండను ప్రతులు బ్రిటిషు లైబ్రరీలో నున్నవి. ఎగ్మూరులో ఆ సంపుటములను తెచ్చి బల్లమీద పెట్టినప్పుడు వాని బరువు చూచియే కొత్తవాడు వెనుకకు తగ్గును. భయపడ నక్కరలేదు. ప్రతి జాబునకును తేదీ, నంబరు, శాఖ పేరు ఉండును. ప్రక్కన అంచున పేరాసారాంశము చిన్న అక్షరములతో నుండును. ఆ అంచును చదువుకొనుచు పోయినచో ఒక దినములో ఒక సంవత్సరపు వ్యవహారము దాటవచ్చును.

ఇక పార్లమెంటు పుస్తకములు. ఇవి పైకెక్కిన కాగితములు కావు, పైనుండి దిగివచ్చిన ప్రశ్నలు. కుంపిణీ పట్టాను పార్లమెంటువారు ఇరువదియేండ్ల కొకసారి, అనగా 1793, 1813, 1833, 1853 సంవత్సరములలో, తిరిగి విచారించి సాగించుచుండిరి. ఆ గడువు సమీపించినప్పుడెల్ల విచారణసంఘములు కూర్చుండును, సాక్షులను పిలుచును, కాగితములు తెప్పించి అచ్చువేయించును. వానికి నీలపు అట్టలుండుటచే నీలపుస్తకములని పేరు వచ్చినది. 1812లో అచ్చయిన అయిదవ నివేదిక అట్టిది. ఉత్తర సర్కారుల భూస్థితి, జమీందారుల లెక్కలు, దత్తమండలములలో రైతువారీ పద్ధతి, వీనిమీద అందున్నంత సమాచారము ఆ కాలపు తెలుగు గ్రంథమేదియు ఈయజాలదు. కనుక మీలో నెవరైన తమ జిల్లా పాతసంగతిని వెదుకదలచినచో, నా సలహా యేమనగా, ఈ ఇరువదేసి సంవత్సరముల గడువులను ముందుగా పట్టుకొనుడు. ప్రశ్న పడిన సంవత్సరములలోనే జవాబులు దొరకును. ఎవరును అడుగని సంవత్సరములలో కచ్చేరి తనలో తాను మాట్లాడుకొనుచుండును, అంతే.

అడుగుట, అడుగకుండుట అను ఈ భేదము ఎంతటిదో తెలియుటకు మొదట చెప్పిన తహశ్శీలుదారు సంగతికే తిరిగి వత్తును.

1802లో చెన్నపట్టణపు దొరతనమువారు బంగాళాపద్ధతి ననుసరించి దారోగాలను పెట్టి పోలీసును శిస్తునుండి వేరుచేసిరి. ఆ పద్ధతి ఇచ్చట సరిపడలేదు. దత్తమండలములలో పెద్ద కలెక్టరుగా నుండిన తామస్ మన్రో దానిని గట్టిగా నిరసించెను. గ్రామపెద్దయు, తహశ్శీలుదారును ఈ దేశమున సహజాధికారులని, వారిచేతిలోనే పోలీసు ఉండవలెనని ఆయన వాదము. 1814లో ఆయన అధ్యక్షుడుగా ఒక సంఘము వచ్చి, 1816లో రెగ్యులేషనులు పుట్టినవి. అందు పదునొకండవది పోలీసు అధికారమును తహశ్శీలుదారునకును గ్రామపెద్దకును ఇచ్చినది. జిల్లా మేజిస్ట్రేటు అధికారము కలెక్టరునకే చెందెను. మన్రో మనస్సు మంచిదే యని ఆయన జాబులు చదివిన నాకు నమ్మకము. కాని మంచి మనస్సుతో చేసిన ఏర్పాటు చెడ్డచేతిలో ఎట్లు పనిచేయునో రెగ్యులేషనులో వ్రాసియుండదుగదా.

పిమ్మట దాదాపు నలువదేండ్లు కచ్చేరి కాగితములు నిండుగా నున్నవి. జమాబందీ లెక్కలున్నవి, కిస్తీలు వచ్చిన తేదీలున్నవి. శిస్తు రాబట్టుటకై రైతులను బాధించుచున్నారను మాట ఎక్కడనో యొకచోట, ఎవడో యొక్క ఉద్యోగి తప్పు చేసినట్లుగా, కనబడి మాయమగును. అట్టి తప్పునకు పోలీసు ఉద్యోగిని మేజిస్ట్రేటు విచారించినచో విధింపగల శిక్ష 50 రూపాయల జుల్మానా, లేదా ఒక నెల ఖైదు. ఈ కాగితములనే నమ్మి చరిత్ర వ్రాసినవాడు చెన్నపట్టణపు రాజధానిలో రైతు శాంతముగా శిస్తు చెల్లించెనని వ్రాయును. వాని నిజాయితీకి లోపము లేదు. వానికి దొరకిన కాగితము అట్లున్నది.

ఆ మౌనమును చెదరగొట్టినవారిలో ముఖ్యుడు ఒక తెలుగువాడు. గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు చెన్నపట్టణములో వర్తకుడు. 1844లో "క్రెసెంటు" అను ఆంగ్లపత్రికను నడుపసాగెను. 1852లో మద్రాసు నేటివు అసోసియేషనును స్థాపించెను. మరుసటి సంవత్సరము పట్టా గడువు గావున, ఆ సంఘమువారు రాజధానిలోని బాధలను, అనగా శిస్తు భారమును, న్యాయస్థానముల జాప్యమును, బాటలు కాలువలు లేమిని, విద్యలేమిని వివరించి పార్లమెంటునకు మహజరు పంపిరి. ఆ మహజరు పార్లమెంటు కాగితములలో నున్నది, నేటికిని చదువవచ్చును. దానిని చూచి, హిందూదేశ సంస్కరణసంఘమునకు చెందిన డాన్బీ సేమర్ అను కామన్సుసభ సభ్యుడు 1853లో స్వయముగా చెన్నపట్టణమునకు వచ్చెను. లక్ష్మీనరసుసెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి, బాధలుపడినవారిని చూపించెను. గుంటూరుసీమకు కూడ వారు పోయిరి. కలెక్టరు దర్బారు చూచి పోవుటకు వచ్చిన దొరలు వేలు. రైతు వీపు చూచుటకు వచ్చినవాడు ఈయన.

1854 జూలైలో కామన్సుసభలో ఈ విషయము చర్చకు వచ్చెను. సభలోని చర్చలను హాన్సార్డు అను సంపుటములలో అచ్చువేయుదురు. 1803 మొదలుకొని అవి యున్నవి. నేడు కంప్యూటరు తెరమీద సైతము ఎవరైనను చదువవచ్చును. ఆ చర్చ చదివినచో, ఈ దేశమునందు చిరకాలము పనిచేసి పోయినవారే "ఇట్టిది మేము కని విని యెరుగము" అనుట కనబడును. ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. ఆ కాలపు హాన్సార్డు మాటకు మాట వ్రాసిన వ్రాత కాదు. వార్తాపత్రికల విలేఖరులు వ్రాసికొన్నదానిని చేర్చి కూర్చినది. సభలోని ప్రతిమాటను సభవారే వ్రాయించుట 1909 మొదలు జరిగినది. కావున 1854 ప్రసంగములో ఫలానా మాట యున్నదని దానిమీద మేడ కట్టరాదు. ప్రసంగించినవాని భావము అది యని మాత్రమే గ్రహింపవలెను.

చర్చ ఫలముగా చెన్నపట్టణములో ముగ్గురితో విచారణసంఘము ఏర్పడినది. ఇలియట్, స్టోక్సు, బారిస్టరు నార్టను, వీరు సభ్యులు. దేశభాషలలో ప్రకటనలు చేసిరి. గడువు మూడునెలలు మాత్రమే. అంతలోనే 1,900లకు పైగా ఫిర్యాదులు వచ్చినవి. జాబులుగా వచ్చినవి కొన్ని. మనుష్యులే నడచివచ్చి చెప్పుకొన్నవి కొన్ని. మూడువందలు, నాలుగువందలు మైళ్లు నడచివచ్చినవారుండిరి. రైలులేని ఆ దినములలో, కోతలు విడిచి, దారిబత్తెము మూటగట్టుకొని, తాలూకా తహశ్శీలుదారునకు తెలిసిన తరువాత తనకేమగునో ఎరిగియు, చెన్నపట్టణమునకు నడచినవాని మనస్సు ఎట్టిదో మీరే ఊహింపుడు. నలువదేండ్ల కాగితములలో లేనిది మూడునెలలలో బయటపడినది. మనుష్యులు క్రొత్తవారు కారు, బాధ క్రొత్తది కాదు. అడిగినవాడు క్రొత్తవాడు.

1855 ఏప్రిలులో ఆ సంఘమువారి నివేదిక వచ్చెను. అందులో బాధించు పద్ధతులు పేర్లతో వర్ణింపబడినవి. రెండు కర్రలను ఒక కొనయందు కూర్చి, నిమ్మకాయను పిండినట్లు వాని నడుమ వ్రేళ్లను నొక్కుట ఒకటి. మనుష్యుని వంచి, మెడకును కాలివ్రేళ్లకును గుడ్డనుగాని త్రాటినిగాని తగిలించి బిగించి ఎండలో నిలుపుట మరియొకటి. అరవమున కిట్టి, అనుందాల్ అనియు, తెలుగున చీరట, గింగెరి అనియు వీని పేర్లని వ్రాసిరి. పరిశోధకునకు ఇట్టిచోట్ల పని పడును. తెలుగుమాట ఆంగ్లలిపిలో పడినప్పుడు హ్రస్వమేదో దీర్ఘమేదో, త యేదో ట యేదో చెదరిపోవును. గ్రామముల పేర్లును అంతే. ఆ పేర్లను మరల నిలుపగలవాడు ఆంగ్లము వచ్చిన పండితుడు కాడు, ఆ సీమలో పుట్టి పెరిగిన పెద్ద.

ఆ నివేదికలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా నిలిపివేసినది బాధల వర్ణన కాదు. ఒక చిన్న దఫ్తరు అలవాటు. రైతు కలెక్టరునకు అర్జీ పంపుకొన్నప్పుడు ఏమగుచుండెనో సంఘమువారు విచారించిరి. కలెక్టరు కచ్చేరి దూరము. పోవుటకు దినములు, ఖర్చు. జాబు పంపినచో అది వెనుకకు వచ్చును, దాని వీపుమీద ఒక ఎండార్సుమెంటుతో. ఆ ఎండార్సుమెంటేమనగా, తహశ్శీలుదారునకు చెప్పుకొనవలసినదని. అనగా ఎవడు కొట్టించెనో వానికే.

ఇప్పుడు కచ్చేరి రిజిస్టరును తలచుకొనుడు. అర్జీ వచ్చిన తేదీ యున్నది, నంబరున్నది, "తగు ఉత్తరువు వ్రాయడమైనది" అని ఎదుట గడిలో నున్నది. మిగులు లేదు. వంద అర్జీలు వచ్చినచో వందయు పరిష్కారమైనట్లే. లెక్క చూచు పరిశోధకుడు ఆ కలెక్టరును సమర్థుడని మెచ్చుకొనును. ఏ గడిలో వ్యవహారము తీరినట్లున్నదో ఆ గడియే ఫిర్యాదును పూడ్చిన గొయ్యి. ఈ సంగతి ఆ రిజిస్టరు ఎప్పుడును చెప్పదు. వెలుపలివాడు వచ్చి అడిగి వ్రాసిన పుస్తకము చెప్పవలెను. అందుకే సంస్థ చరిత్రను ఆ సంస్థ కాగితములనుండి మాత్రమే వ్రాయరాదని నేను గట్టిగా చెప్పుచున్నాను.

వెలుపలి పుస్తకమైనను వేదము కాదు సుమా. ఈ 1855 నివేదిక బాధ ఉన్నదని ఒప్పుకొని, నేరమును దేశీయోద్యోగుల మీద నిలిపినది. దొరలకు దీనితో సంబంధము లేదని, రైతులకు దొరలమీద ఫిర్యాదు లేదని వ్రాసినది. విచారించిన సభ్యులెవరు? దొరలే. కలెక్టరు ఇన్ని లక్షలు శిస్తు ఫలానా తేదీకి చేరవలెనని తాకీదు పంపినచో, పంట పోయిన సంవత్సరమున తహశ్శీలుదారు దానిని ఎట్లు తెచ్చెనని కలెక్టరు ఎందులకు అడుగలేదు? ఈ ప్రశ్న 1857లోనే కార్ల్ మార్క్సు ఒక అమెరికా పత్రికలో వ్రాసిన వ్యాసమున వేసెను. నివేదికలోని సాక్ష్యములనే తీసికొని నివేదికయొక్క తీర్పును ప్రశ్నించెను. మనమును అట్లే చేయవలెను. నివేదికలో ముందుండు తీర్పు సభ్యులది. వెనుక అనుబంధములలోని వాఙ్మూలములు రైతులవి. తొందరగల పాఠకుడు ముందుభాగము చదివి పుస్తకము మూయును. చరిత్రకారుడు వెనుకనుండి ఆరంభింపవలెను. ఆ వాఙ్మూలములును రైతు తెలుగులో చెప్పగా కచ్చేరి గుమాస్తా ఆంగ్లములో తర్జుమా చేసినవి. రైతు కంఠము రెండు తెరల వెనుకనుండి వినబడుచున్నదని మరువరాదు.

నీలపుస్తకముల విషయములో ఇంకొక మోసము కలదు. పేరుపుటలో "ప్రతులు లేక సంగ్రహభాగములు" అని యున్నచో తక్షణమే మేల్కొనుడు. భాగములు అన్నప్పుడు కత్తెర పడినదన్నమాట. దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము మన జిల్లాలది కాదు, కాబూలుది. ఆఫ్గన్ దేశముతో యుద్ధమునకు దిగిన దొరతనమువారు 1839లో తమ రాయబారి అలెగ్జాండరు బర్న్సు వ్రాసిన జాబులను పార్లమెంటు ముందుంచిరి. కాబూలు అమీరు దోస్తు మహమ్మదుతో స్నేహముగా నుండవచ్చునని బర్న్సు వ్రాసిన భాగములను తొలగించి, యుద్ధము ఆయన సలహాయే యనిపించునట్లు మిగిలినవానిని అచ్చువేసిరి. 1841లో బర్న్సు కాబూలులో హతుడయ్యెను. జవాబు చెప్పుకొనుటకు మనిషి లేడు. పూర్తి జాబులు 1859లోగాని అచ్చులోనికి రాలేదు. రెండు అచ్చులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, తీసివేసిన పంక్తులే అసలు చరిత్ర యని తెలియును. కావున పార్లమెంటు పుస్తకములో ఒక జాబు కనబడినచో దాని తేదీ, నంబరు వ్రాసికొని, దఫ్తరఖానాకు పోయి మూలమును చూడవలెను. అచ్చులో లేని పేరా మూలములో నున్నచో, ఎందుకు తీసిరను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న పుట్టిన దినమే పరిశోధన ఆరంభమైనదని తలంపుడు.

ఇదంతయు ప్రయాసగదా, ఇట్లు చేసినవారున్నారా యని మీరడుగవచ్చును. ఉన్నారు. గుంటూరు జిల్లా చరిత్రనే ఇట్లు వ్రాసినవారు కలరు. రాబర్టు ఎరిక్ ఫ్రైకెన్‌బర్గు అను అమెరికా పండితుడు 1788 మొదలు 1848 వరకు గుంటూరు జిల్లా కచ్చేరి ఎట్లు నడచెనో శోధించి 1965లో ఒక గ్రంథము ప్రకటించెను. 1833 కరవుతో ఆ సీమ ఎట్లు పాడైనదో మన పెద్దలు డొక్కలకరవు అను పేరుతో కథలుగా చెప్పుచునే యున్నారు. కాగితములలోనున్నది వేరొక కథ. జమీలు బాకీపడి సర్కారు వశమైనవి, శిస్తు దిగిపోయినది. కారణము తెలియక, విచారణకై వచ్చిన వాల్టరు ఇలియట్ 1846లో నివేదిక వ్రాసెను. ఈ ఇలియట్ వేరు, పైన చెప్పిన సంఘములోని ఇలియట్ వేరు; పేరు ఒకటిగా నున్నంతమాత్రమున ఒకనిని మరియొకనిగా తీసికొనకుండుట ఈ పనిలో నిత్యము కావలసిన జాగ్రత్త. ఫ్రైకెన్‌బర్గు తేల్చినదేమనగా, హుజూరు కచ్చేరిలోని పెద్ద ఉద్యోగులు, గుమాస్తాలు, గ్రామకరణములు బంధుత్వములతోను లాభములతోను ఒక వలవలె అల్లుకొనియుండిరనియు, కలెక్టరునకు చేరు ప్రతి లెక్కయు ఆ వలలోనుండియే చేరుచుండెననియు. అధికారము దొర పేరిట, పెత్తనము కచ్చేరిది. కలెక్టరు వ్రాసిన జాబు బోర్డునకు పోయినది నిజమే. దానిలోని అంకెలు ఎవరు ఇచ్చిరని ఆయన అడిగెను. గ్రంథమంతయు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

దఫ్తరఖానాకు పోదలచినవారికి కొన్ని చిల్లర సంగతులు చెప్పుదును. పాతకాగితములలో సంవత్సరము ఫసలీలో నుండును. ఫసలీ సంఖ్యకు 590 చేర్చినచో ఆ ఫసలీ మొదలైన క్రీస్తు సంవత్సరము వచ్చును. విచారణసంఘము కూర్చున్న 1854–55 మనకు ఫసలీ 1264. మీ యిండ్లలో అటకమీద కవిలెకట్టలుగాని, పాత జమాబందీ చిట్టాలుగాని ఉన్నచో ఆ ఫసలీ చూచి, అదే సంవత్సరపు బోర్డు సంపుటములతో సరిచూడవచ్చును. గ్రామపు అంకెకును జిల్లా అంకెకును భేదము కనబడినచో రెండింటిని వ్రాసికొనుడు; ఏది నిజమో అప్పుడే తీర్పు చెప్పవద్దు. జిల్లాల హద్దులు నేటివి కావు. రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు అను పాత జిల్లాల ఎల్లలు 1859లో మార్చబడినవి. కనుక నేటి జిల్లా పేరుతో వెదకినచో దొరకనిది నాటి పేరుతో దొరకును. వ్రాసికొన్న ప్రతిమాట ప్రక్కను సంపుటము, పుట, తేదీ వేసికొనుడు. ఇది నీరసమైన పని యని నేనెరుగుదును. కాని పుట వేయని నకలు సాక్షిసంతకము లేని దస్తావేజు వంటిది.

తహశ్శీలుదారు కథ చివర చెప్పక విడువరాదు. శిస్తును పోలీసును ఒక చేతిలో నుంచుటయే అనర్థమునకు ముఖ్యకారణములలో నొకటి యని 1855 నివేదిక తేల్చినది. 1857లో ఉత్తరదేశమున గొప్ప తిరుగుబాటు జరిగి, 1858లో కుంపిణీ ప్రభుత్వమే అంతరించెను. 1859లో ఇరువదినాలుగవ ఆక్టు వచ్చి చెన్నపట్టణపు రాజధానిలో పోలీసు ప్రత్యేకశాఖ యైనది. విలియం రాబిన్సన్ దానికి మొదటి అధికారి. ఆ నమూనాను చూచియే 1861లో దేశమునకంతకును అయిదవ ఆక్టు చేసిరి. లక్ష్మీనరసుసెట్టిగారు ఈ మార్పును కన్నులార చూచి 1868లో గతించిరి. ఐతే, తహశ్శీలుదారునకు మేజిస్ట్రేటు అధికారము మిగిలియే యుండెను. నేరవిచారణ న్యాయాధికారులకు పూర్తిగా చేరుట దేశమంతటను 1973 నాటి శిక్షాస్మృతి ప్రక్రియ ఆక్టుతో, 1974 ఏప్రిలు మొదటితేదీ నుండి జరిగినది.

నూటపదునైదేండ్ల ఆ నడుమకాలపు కాగితములు, తాలూకా మేజిస్ట్రేటు కచ్చేరులవి, ఇంకను పూర్తిగా చదివినవారు లేరు. వానిలో అర్జీల రిజిస్టర్లున్నవి. ఎదుటి గడిలో ఏమి వ్రాసియున్నదో, ఆ ఉత్తరువు ఎవరికి పోయినదో, ఊరిలో దానివలన ఏమి జరిగినదో, మూడవ ప్రశ్నకు జవాబు మీలో కొందరు తమ తండ్రుల నోట వినియుందురు.